కట్ట మీద నడక: వరంగల్ చుట్టుపక్కల ఏ చెరువు ఎవరికి సరిపోతుంది?

డాక్టర్ "రోజూ నడవండి" అనగానే హనుమకొండ ఇళ్ళలో మొదలయ్యే చర్చ ఒకటే: ఎక్కడ నడవాలి? గ్రౌండ్ చుట్టూ తిరగడం కొన్నాళ్ళకే విసుగొస్తుంది. రోడ్డు మీద అయితే బండ్లు, దుమ్ము, కుక్కలు. అందుకే మన దగ్గర చాలామంది చివరికి ఏదో ఒక చెరువు కట్ట ఎక్కుతారు. కట్ట మీద గాలి వేరు. ఒక పక్కన నీళ్ళు ఉంటే చాలు, కాళ్ళు ఇంకో పది నిమిషాలు ఎక్కువే నడుస్తాయి.

అయితే ఏ కట్ట? చాలామంది నీళ్ళు చూసి ఎంచుకుంటారు. ఫొటోలో ఏ చెరువు అందంగా కనిపిస్తే ఆదివారం అక్కడికి బండి తీస్తారు. అక్కడికి వెళ్ళాక నడవడానికి దారి లేక, పార్కింగ్ దగ్గరే నాలుగు ఫొటోలు దిగి తిరిగొస్తారు. నడవాలనుకునేవాళ్ళు నీళ్ళ కంటే ముందు కట్టను చూడాలని నా గట్టి నమ్మకం.

దీనికి కారణం మన చెరువులు కట్టిన తీరులోనే ఉంది. కాకతీయుల కాలంలో పెద్ద చెరువు కట్టాలంటే రెండు గుట్టల మధ్య వాగు దూరి వెళ్ళే సందు వెతికేవారు. ఆ సందుకు అడ్డంగా మట్టికట్ట పోసి, నీటి వైపు రాయి పేర్చి, పొలాలకు నీళ్ళు వదలడానికి తూములు పెట్టి, ఎక్కువైన నీళ్ళు పోవడానికి ఓ పక్కన మత్తడి కట్టేవారు. మిగతా మూడు పక్కలా గుట్టలే, అడవే, నీళ్ళు తగ్గితే బయటపడే శిఖం భూములే. తక్కువ కట్టతో ఎక్కువ నీళ్ళు ఆపడమే వాళ్ళ తెలివి. నడిచేవాళ్ళకు మాత్రం దీంతో ఒక చిక్కు ఉంది. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి చోట్ల చెరువు చుట్టూ తిరిగొచ్చే దారి ఉండదు. కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, అదే దారిన వెనక్కి రావాలి. చెరువు ఎన్ని వేల ఎకరాలన్నది మీ నడకకు పనికిరాదు. కట్ట పొడుగెంత, కాలి కింద మట్టా టైల్సా, నీడ ఉందా, నీళ్ళు లేని ఆ రెండో పక్కన ఏముంది అన్నవే అడగాలి.

ఆ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. నడకకు రుచి వచ్చేది మాత్రం అక్కడే. నీళ్ళు ఎప్పుడూ నీళ్ళే. రెండో పక్కన పొలం ఉంటే నాట్లకు ఒక రంగు, కోతలకు ఒక రంగు. అడవి ఉంటే వాసన, చప్పుడు మారతాయి. కాలనీ ఉంటే మనుషులు, పలకరింపులు. నెలల తరబడి నడవాలంటే ఆ పక్కే మిమ్మల్ని నడిపిస్తుంది.

రోజువారీ నడకకు: భద్రకాళా, వడ్డేపల్లా?

ట్రైసిటీలో, అంటే వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఉండేవాళ్ళకు అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. ఈ రెండూ ఊరి మధ్య చెరువులు, వాటికి ఊరి తాగునీటితో పాత సంబంధం ఉంది. కానీ నడకకు వచ్చేసరికి రెండింటి స్వభావం వేరు.

భద్రకాళి చెరువు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటిదని చెప్తారు. వరంగల్‌కూ హనుమకొండకూ మధ్యలో, ఒక ఒడ్డున అమ్మవారి గుడి, చుట్టూ పెద్ద పెద్ద రాతిగుండ్లు. చారిత్రక నగరాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 ఊళ్ళలో వరంగల్ ఒకటి. ఆ నిధులతోనే భద్రకాళి కట్టను పార్కులా తీర్చిదిద్దారు. నడక దారి, కూర్చోవడానికి బెంచీలు, రాత్రి దీపాలు, పిల్లలు ఆడుకోవడానికి చోటు అన్నీ ఉన్నాయి. కుటుంబంతో సాయంత్రం గడపడానికి ఊళ్ళో ఇంతకంటే మంచి ఒడ్డు లేదు. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్తే వాళ్ళు కాసేపు నడిచి, కాసేపు కూర్చుని, గుడికి కూడా వెళ్ళి రావచ్చు. మోకాళ్ళు పట్టేసే వయసులో మధ్యమధ్యలో బెంచీ ఉండటం ఎంత ధైర్యమో, అమ్మనో అత్తనో వెంట తీసుకెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. పార్కు అంటే పార్కు వేళలు, టికెట్టు, సెల్ఫీల గుంపులు. సాయంత్రం అయ్యేసరికి వేగంగా నడవడం కుదరదు, ప్రతి పది అడుగులకూ ఎవరో ఒకరు అడ్డం నిలబడతారు. ఆషాఢంలో శాకంబరి ఉత్సవాలు, ఆ తర్వాత దసరా నవరాత్రులు వస్తే గుడి చుట్టుపక్కలంతా జనమే. ఆ రోజుల్లో దర్శనానికి వెళ్ళండి, నడకకు మాత్రం వేరే కట్ట చూసుకోండి. ఇంకో సంగతి, టైల్స్ పరిచిన దారి చూడటానికి బాగుంటుంది గానీ మోకాళ్ళకు గట్టిగా తగులుతుంది. చదునుగా ఉంటుంది కాబట్టి తూలి పడే భయం ఉన్నవాళ్ళకు టైల్సే మేలు. పడే భయం లేదు, మోకాలి నొప్పే బాధ అనుకుంటే మెత్తటి బూట్లు తప్పనిసరి.

ఈ చెరువు గురించి ఒక మాట గుర్తుంచుకోవాలి. 2024 చివర్లో పూడిక తీయడానికి దీన్ని ఖాళీ చేశారు. తరాలుగా నిండుగా చూసిన చెరువు అడుగు బయటపడేసరికి ఊరంతా కట్ట మీదికొచ్చి చూసింది. ఎన్నో ఏళ్ళ మట్టి, గుర్రపుడెక్క, ప్లాస్టిక్. మనం ఒడ్డున వదిలేసే నీళ్ళ బాటిల్ చివరికి ఎక్కడికి చేరుతుందో ఆ రోజుల్లో కళ్ళారా కనిపించింది. పూజ సామాను కవర్‌తో సహా నీళ్ళలో వేసే అలవాటు మనం మానుకోవాలి. పూలు వేయండి, కవరు ఇంటికి తెచ్చుకోండి.

వడ్డేపల్లి చెరువు హనుమకొండకూ కాజీపేటకూ మధ్యలో ఉంటుంది. సుబేదారి, ప్రశాంత్‌నగర్, నిట్ వైపు ఉండేవాళ్ళకు ఇదే దగ్గర. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువగా నడకకోసమే వస్తారు. తెల్లవారుజామున వెళ్తే ముఖాలన్నీ ఒకే వేళకు కనిపిస్తాయి. రిటైరైన సార్లు చేతులు వెనక్కి కట్టుకుని రాజకీయాలు మాట్లాడుకుంటూ, కోచింగ్ పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పరుగులు తీస్తూ, కొత్తగా షుగర్ బయటపడినవాళ్ళు గబగబా. ఒక రోజు రాకపోతే మర్నాడు ఎవరో ఒకరు "నిన్న కనబడలేదేంది?" అని అడుగుతారు. నడక అలవాటు నిలబడాలంటే ఆ ఒక్క ప్రశ్న ఏ యాప్ కంటే బాగా పనిచేస్తుంది.

అందుకే రోజూ నడవాలనుకునేవాళ్ళకు నా ఓటు వడ్డేపల్లికి. వారానికి రెండు మూడు సాయంత్రాలు, అదీ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళాలనుకుంటే భద్రకాళి. మీ ఇల్లు పోచమ్మ మైదాన్, కాశిబుగ్గ వైపు ఉంటే ఈ లెక్క తిరగబడుతుంది. రోజూ నడవడానికి ఊరు దాటి వడ్డేపల్లి దాకా బండి మీద పోవడం నెల కూడా నిలవదు. రోజువారీ నడకకు ఇంటికి దగ్గరున్న కట్టే మంచి కట్ట.

కొంచెం దూరం పోగలిగితే ధర్మసాగర్ ఉంది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు వచ్చి చేరే రిజర్వాయర్ ఇది. కట్ట పొడుగు, చూపు ఆనినంత నీళ్ళు, దగ్గర్లోనే ఇనుపరాతి గుట్టలు. పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్ళకూ సైకిల్ తొక్కేవాళ్ళకూ ఇది బాగుంటుంది. నీడ ఉండదు కాబట్టి ఎండ ఎక్కేలోపు ముగించుకోవాలి. ఒంటరిగా, చీకటి ఉండగా మాత్రం వెళ్ళొద్దు.

ఆదివారం నడకకు: పాకాల, రామప్ప, లక్నవరం

ఎవరైనా చుట్టం హైదరాబాద్ నుంచి వస్తే "ఏదైనా చెరువు చూపించండి" అంటారు. మనవాళ్ళు కళ్ళు మూసుకుని లక్నవరం తీసుకెళ్తారు. చూడటానికైతే సరే. నడవడానికైతే ఈ మూడింట్లో నేను మొదట చెప్పేది పాకాల.

నర్సంపేట దాటి ఖానాపూర్ మండలంలో ఉంది పాకాల. వరంగల్ నుంచి 50 కిలోమీటర్లకు పైనే. గణపతిదేవుడి కాలంలో, అంటే 13వ శతాబ్దంలో కట్టిన చెరువు. మున్నేరు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలిసే ఆ ఏరు ఈ కట్ట దగ్గర పుడుతుందంటే మొదటిసారి విన్నవాళ్ళు నమ్మరు. చుట్టూ అభయారణ్యం, 1952లో ప్రకటించింది.

పాకాల కట్ట గొప్పతనం దాని రెండు పక్కల్లో ఉంది. ఒక పక్కన నీళ్ళు, దూరాన నీలంగా గుట్టల వరస. ఇంకో పక్కన దిగువకు చూస్తే దట్టమైన చెట్లు. కట్ట ఎత్తుగా ఉండటం వల్ల ఆ చెట్ల కొమ్మలు మన కంటి ఎత్తుకు వస్తాయి. కింద నిలబడితే తల ఎత్తినా కనిపించని పిట్టలు ఇక్కడ ఎదురుగా కూర్చుని ఉంటాయి. తూము దగ్గర ఆగి కిందికి చూడండి. నీళ్ళు వదిలిన రోజుల్లో రాతి గోడల మధ్య నుంచి చల్లటి గాలి పైకి తన్నుకొస్తుంది, దాంతోపాటు తడి రాయి వాసన. లోపల చీకట్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ కనిపించదు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఖానాపూర్, నర్సంపేట పొలాలకు అన్నం పెడుతున్న చెరువు ఇది. పక్కనే నీటికాకులు మొండి కొమ్మల మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ ఉంటాయి. లకుముకిపిట్ట ఒకటి తీగ మీది నుంచి నిలువునా నీళ్ళలోకి దూకి, చేప దొరికితే ఎగిరి అదే చోటుకు వచ్చి కూర్చుంటుంది. తొందర లేకుండా నిలబడితేనే ఇవన్నీ కనిపిస్తాయి.

పాకాలలో హోటళ్ళు, పెద్ద వసతులు ఆశించొద్దు. తినడానికి ఇంటి నుంచి కట్టుకుపోవడమే మేలు, లేదంటే నర్సంపేటలో తినేసి పోవాలి. చెరువులో మొసళ్ళు ఉన్నాయి. కాబట్టి "కాళ్ళు తడుపుకుంటాం" అని పిల్లలు దిగబోతే ఆపండి. అటవీశాఖ వాళ్ళు పెట్టిన వేళలు పాటించి, పొద్దు గూకేలోపు బయటపడాలి. బస్సు మీద ఆధారపడేవాళ్ళు నర్సంపేటలో తిరుగు ప్రయాణం సంగతి ముందే అడిగి పెట్టుకోండి. నర్సంపేట దాకా వరంగల్ నుంచి బస్సులు బాగానే ఉంటాయి, ఆ తర్వాత ఆటోనే దిక్కు.

రామప్పది వేరే లెక్క. పాలంపేటలోని రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చెరువు గుడికి కిలోమీటరు దూరంలో ఉంటుంది. చాలామంది గుడి చూసి, మదనికల (నల్లరాతి స్త్రీ శిల్పాల) దగ్గర ఫొటోలు దిగి, చెరువు దగ్గరికి కారులో ఒకసారి వెళ్ళి ముగిస్తారు. నా సలహా, ఆ కిలోమీటరూ నడవండి. గుడి దగ్గర బండి ఆపేసి, పొలాల మధ్య రోడ్డు మీద చెరువు దాకా వెళ్ళి, కట్ట మీద ఆ కొస దాకా పోయి తిరిగి రండి. ఈ చెరువూ, ఆ గుడీ ఒకే ఆలోచనలో పుట్టినవి. గుడికి ధూపదీపాలు నడవాలంటే ఊరికి పంట పండాలి, పంటకు చెరువు కావాలి. కారులో పోతే రెండూ రెండు టూరిస్టు స్పాట్లు. నడిచిపోతే మధ్యలో ఉన్న వరి పొలం ఆ రెండింటినీ కలుపుతుంది.

గుడి పైకప్పు శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక అని గైడ్లు చెప్పేది నిజమే. పిల్లలు వెంట ఉంటే ఆ కథ చెప్పించండి, ఆ తర్వాత చెరువు దాకా నడవమంటే నడుస్తారు. కోతుల బెడద ఉంది. చేతిలో కవర్, అరటిపళ్ళు కనబడితే వదలవు. సంచీ భుజానికి వేసుకుని జిప్ పెట్టేయండి. చరిత్ర ఇష్టమైనవాళ్ళకు, మొదటిసారి వచ్చే చుట్టాలకు మూడింట్లో రామప్పే సరి. ఉదయం గుడి, ఎండ తగ్గాక కట్ట.

లక్నవరం అందం గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. గోవిందరావుపేట మండలంలో గుట్టల మధ్య దాక్కున్న నీళ్ళు, 13 దీవులు, ఊగే వంతెన. వంతెన మీద మొదటిసారి అడుగుపెట్టిన పిల్లల ముఖం చూడటానికైనా ఒకసారి పోవాలి. పడవ ఎక్కొచ్చు, పర్యాటక శాఖ కాటేజీల్లో రాత్రి ఉండొచ్చు. కానీ నడకకు అక్కడ చోటు తక్కువ. గుట్టల మధ్య సందులు ఇరుకు కాబట్టి కట్టలూ చిన్నవే. వంతెన దాటితే దీవి, దీవిలో కాసేపు తిరిగితే అయిపోతుంది. సెలవు రోజుల్లో వంతెన మీద జనం వరుస కట్టి కదులుతారు. పొద్దున్నే, అదీ మామూలు రోజున వెళ్ళగలిగితే లక్నవరం మీకు నిజంగా కనిపిస్తుంది. పొగమంచు నీళ్ళ మీది నుంచి లేస్తూ, ఒక్కో దీవి మెల్లగా బయటపడుతుంటుంది. ఆ దృశ్యం కోసమే రాత్రి అక్కడ ఉండాలి. ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ప్లాన్ అయితే పాకాలకో రామప్పకో పోవడం మంచిది.

ములుగు వైపు వెళ్ళే ప్లాన్ రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు తగిలితే ఆ వారం ముందూ వెనకా ఆ రోడ్డు జోలికి పోవద్దు. అమ్మల దర్శనానికి వెళ్ళే బండ్లతో దారంతా నిండిపోతుంది.

పొడుగాటి నడక కావాలంటే కరీంనగర్

గంటకు తక్కువ నడిస్తే నడిచినట్టే ఉండదు అనేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు పాకాల కట్ట కూడా చాలదు. అలాంటివాళ్ళు కరీంనగర్ దిగువ మానేరు డ్యాం చూడాలి. ఇది కాకతీయుల చెరువు కాదు, 1974లో మొదలై 1985కి పూర్తయిన ప్రాజెక్టు. 24 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. గుట్టల సందులు వెతికే అవకాశం లేని మైదానంలో మానేరుకు అడ్డంగా కట్టారు కాబట్టి మట్టికట్ట కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో వచ్చే నీళ్ళు ఇందులో చేరి, మళ్ళీ ఇక్కడి నుంచి మన వరంగల్ వైపు వస్తాయి.

సాయంత్రం ఇక్కడ పొద్దు నీళ్ళ వైపు వాలుతుంది. అవతలి ఒడ్డు లీలగా కనిపించే అంత నీళ్ళ మీద ఆ వెలుగు చూస్తే సముద్రం లేదన్న లోటు కాసేపు మరచిపోతాం. థర్మకోల్ తెప్పల మీద వలలు వేసుకుంటూ బెస్తవాళ్ళు ఆ వెలుతురులో నల్లటి చుక్కల్లా కదులుతుంటారు. కట్ట దిగువన ఉజ్వల పార్కు, జింకల పార్కు ఉన్నాయి, నడవలేని వాళ్ళు పిల్లలతో అక్కడ ఆగిపోవచ్చు.

లోపం చెప్పాలంటే నీడ. ఒక్క చెట్టు కింద నిలబడదామన్నా కట్ట మీద దొరకదు. దారి తిన్నగా ఉండటం వల్ల మనసుకు మార్పు కూడా తక్కువ. పాకాలలో ప్రతి వంద అడుగులకూ చూడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది, ఇక్కడ ఒకటే గీత. ఆలోచించుకుంటూ నడిచేవాళ్ళకు, మారథాన్ ప్రాక్టీస్ చేసేవాళ్ళకు అదే కావాలి. పిల్లలకు మాత్రం బోర్. గాలి ఎదురు కొడుతుంటే ముందు ఆ గాలికి ఎదురుగానే పోండి, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది.

నిజామాబాద్, కామారెడ్డి వైపు ఉన్నవాళ్ళకు అలీసాగర్, నిజాంసాగర్ ఉన్నాయి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ రాతి డ్యాం ఒక్కసారైనా చూడదగ్గది. తోట, నీళ్ళు కలిసి ఉండే అలీసాగర్ కుటుంబాలకు నప్పుతుంది. వరంగల్ నుంచి నడక కోసమని అంత దూరం పోనవసరం లేదు.

సముద్రమే కావాలంటే

ఇంత చెప్పాక కూడా "అలల పక్కన నడవాలని ఉంది" అనేవాళ్ళ కోరిక న్యాయమైనదే. వరంగల్ నుంచి సముద్రం ఒక రాత్రి రైలు దూరం. రెండు దారులు. మద్రాసు లైన్లో బాపట్ల దిగి, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. లేదంటే విశాఖపట్నం.

చెరువు కట్ట మీద నడిచే అలవాటున్నవాళ్ళకు విశాఖే సులువు. బీచ్ రోడ్డు వెంట చదునైన ఫుట్‌పాత్ ఉంది, ఇసుకలో దిగకుండానే అలల పక్కన ఎంత దూరమైనా పోవచ్చు. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దారిలోనే. తెల్లవారుజామున నడిచేవాళ్ళు ఎంతమందో. టిఫిన్, టీ, ఆటో అన్నీ పక్కనే, పెద్దవాళ్ళకు టెన్షన్ లేదు.

సూర్యలంకలో దారి అంటూ ఏమీ లేదు. ఉన్నదంతా ఇసుకే. అదే దాని అందం, అదే దాని కష్టం. పొడి ఇసుకలో కాలు ప్రతి అడుగుకూ కూరుకుపోతుంది, రోజూ అయిదు కిలోమీటర్లు నడిచేవాళ్ళకు కూడా రెండుకే పిక్కలు పట్టేస్తాయి. అల వచ్చి వెనక్కి పోయిన చోట తడిసి గట్టిపడిన ఇసుక మీద నడవాలి. అక్కడ నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక మడమ ఎప్పుడూ పల్లంలో పడుతుంది. పోయినంత దూరం అదే ఒడ్డున తిరిగి వస్తే రెండు కాళ్ళకూ భారం సమానమవుతుంది. పోటు ఉన్నప్పుడు ఆ గట్టి ఇసుక మునిగిపోతుంది, ఆటు మీద వెళ్తే విశాలంగా దొరుకుతుంది. ఆటుపోట్ల వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు జరుగుతూ పోతుంది, కాబట్టి నిన్న బాగున్న వేళ ఇవాళ అలాగే ఉంటుందనుకోవద్దు. ముందు రోజు అక్కడి జాలర్లను అడిగితే సరిగ్గా చెప్తారు.

మన తెలంగాణ ఎండకు అలవాటు పడ్డ ఒంటికి సముద్రపు ఉక్క కొత్త. చెమట ఆరదు, దాహం తెలియదు, గంట తర్వాత ఒక్కసారిగా నీరసం వస్తుంది. మంచినీళ్ళు కట్ట మీద కంటే ఎక్కువే పట్టుకుపోవాలి. చెరువులో ఈత వచ్చు కదా అని సముద్రంలో దిగొద్దు. అక్కడ నీళ్ళు లోపలికి లాగుతాయి, విశాఖ బీచ్‌లో ప్రాణాలు పోయినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు. నడకకు వెళ్ళినవాళ్ళు మోకాలి లోతు దాటకపోవడం మంచిది.

ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు ఆగాలి

కట్టల మీద నడవడానికి వానలు వెనకబట్టాక దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. చెరువులు నిండుగా ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది, చలికాలం పిట్టలు ఎక్కువ. సద్దుల బతుకమ్మ మర్నాడు తెల్లవారుజామున ఊరి చెరువు కట్ట మీదికి ఒకసారి వెళ్ళి చూడండి. రాత్రి వదిలిన బతుకమ్మలు విడిపోయి తంగేడు, గునుగు, బంతిపూలు ఒడ్డు పొడుగునా చిన్న అలల మీద ఊగుతుంటాయి. కట్ట మైసమ్మ దగ్గర పసుపు ఇంకా తడిగానే ఉంటుంది.

వానాకాలంలో మత్తడి దూకుతోందంటే చూడ్డానికి ఊరంతా కదులుతుంది, కదలాలి కూడా. నిండిన చెరువును చూడటం మనకు పండుగ. కానీ మత్తడి రాళ్ళ మీద పాచి ఉంటుంది, నీళ్ళు మడమ లోతే ఉన్నా కాలు నిలవనివ్వవు. అవతలికి దాటే ప్రయత్నం చేయొద్దు, సెల్ఫీ కోసం అంచుకు పోవద్దు. ములుగు జిల్లా వాన ఎలాంటిదో 2023 జూలై చివర్లో చూశాం. రామప్ప ఉన్న వెంకటాపూర్ మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్లు కురిసింది. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ అలర్ట్ అని చెప్పిన రోజు పాకాల, రామప్ప, లక్నవరం మూడూ మానేయండి. చెరువు కట్ట సరే, దారిలో వాగులు దాటలేరు.

ఎండాకాలంలో ఊళ్ళో కట్టలు చాలు, అదీ ఏడు గంటల లోపే. నీళ్ళు తగ్గి శిఖం బయటపడితే పొడి బురద పైకి గట్టిగా కనిపించి లోపల మెత్తగా ఉంటుంది, దాని మీదికి దిగకండి. రాతి సందుల్లో పాములు ఉంటాయి కాబట్టి నీటి వైపు రాళ్ళ మీద కూర్చోబోయే ముందు కర్రతో తట్టాలి. చెట్ల కొమ్మలకు తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొగ పెట్టడం, గట్టిగా అరవడం వద్దు, గాఢమైన సెంటు రాసుకున్నవాళ్ళు కాస్త దూరంగా నడవాలి.

పాకాలకు వెళ్ళే రోజు బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. భద్రకాళికి ఏవైనా సరిపోతాయి. మానేరు కట్టకు టోపీ, ఒక్కొక్కరికి లీటరు నీళ్ళు. రామప్పలో గుడి దగ్గర విప్పి తొడుక్కోవడానికి తేలికైన చెప్పుల జత. వడ్డేపల్లికి మాత్రం పక్కింటివాళ్ళను పిలవండి, ఇద్దరు కలిసి మొదలుపెడితే ఆ నడక ఆగదు.